ఇంట్లో కొవ్వొత్తులు పోసుకునేవారికి: పర్లాకిమిడి వంటింటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. ఊరి పక్కన మహేంద్రతనయ నది, కాస్త దూరం పోతే పాతపట్నం, అంటే ఆంధ్ర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. రెండోరోజుకే కిరాణా కొట్లలో కొవ్వొత్తులు అయిపోయాయి. ఇంట్లో మిగిలిన ముక్కలన్నీ ఒక డబ్బాలో కరిగించి, పూజ వత్తి వేసి, గ్లాసులో పోశాను. అది రెండు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ ఆరిపోయింది. ఎందుకు ఆరిపోతోందో తెలుసుకోవాలన్న పంతంతో మొదలైన సరదా ఇది. ఇప్పటికి నాలుగు నోటుబుక్కులు నిండాయి. చుట్టాలూ ఇరుగుపొరుగూ ఇన్నాళ్ళుగా అడిగిన ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నాను.

వీడియోల్లో చూపించే కొలతలు చాలావరకు చలి దేశాల వంటిళ్ళవి. మన మే నెల ఎండకీ శ్రావణమాసం చెమ్మకీ అవి యథాతథంగా పనికిరావు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో సగం దీనివల్లే వచ్చాయి.

మొదటి కొవ్వొత్తికి ఏమేం కొనాలి?

అరకిలో పారఫిన్ మైనం, అల్లిన నూలు వత్తి రెండు మూడు లావుల్లో, వత్తి అడుగున పెట్టే రేకు బిళ్లలు, గ్రాములు చూపించే వంటింటి కాటా, వంటకు వాడే డిజిటల్ థర్మామీటరు. మిగతావన్నీ ఇంట్లో ఉండేవే: ఒక పెద్ద గిన్నె, అందులో పట్టే మూతి ఉన్న మగ్గు, దళసరి గాజు గ్లాసు, రెండు ఐస్‌క్రీం పుల్లలు. జ్వరం చూసే థర్మామీటరు 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మైనానికి అది చాలదు. మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది.

మొదటిరోజే రంగులు, అత్తర్లు, గులాబీ అచ్చులు కొనకండి. ముందు తెల్లగా, వాసన లేకుండా, ఆరిపోకుండా వెలిగే ఒక్క కొవ్వొత్తి చేయండి.

ఏ మైనం మంచిది?

మన వాతావరణంలో నేర్చుకునేవాళ్ళకి పారఫిన్ అంటాను. ముడి చమురు శుద్ధి చేసేటప్పుడు వచ్చే సరుకు ఇది. అస్సాంలోని దిగ్బోయ్ రిఫైనరీ పాతకాలం నుంచీ దీన్ని తీస్తోంది. ఇది ఒకే మైనం కాదు, చాలా రకాలున్నాయి, కరిగే వేడిలో తేడా ఉంటుంది. కొనేటప్పుడు 58-60 అని రాసి ఉన్న రకం అడగండి. ఆ డిగ్రీల దగ్గర కరుగుతుందని అర్థం. మెత్తగా, వేలికి నూనె తగిలేలా ఉన్న చవక మైనంలో నూనె శాతం ఎక్కువ. మే నెలలో దాంతో చేసిన కొవ్వొత్తి చేసిన ఆకారంలో ఉండదు.

సోయా మైనం చక్కగా ఉంటుంది, వాసన బాగా పడుతుంది, గిన్నె సబ్బునీళ్ళతో కడిగితే పోతుంది. కానీ గ్లాసుల్లో పోసే సోయా రకాలు ఎక్కువగా 50 డిగ్రీల అటూ ఇటూ కరుగుతాయి, ధర కూడా పారఫిన్ మీద బాగా ఎక్కువ. ఒకసారి మే నెలలో తెప్పించుకున్నాను. పెట్టె విప్పితే గింజలుగా రావలసిన మైనం ఒకే దిమ్మయి, ఒక మూలకు ఒరిగి గడ్డకట్టి ఉంది. అది ఏ వ్యానులో ఎన్ని గంటలు మాడిందో మరి. పాడైపోలేదు, కాకపోతే కత్తితో ముక్కలు చేసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. సోయా కావాలంటే నవంబరు, ఫిబ్రవరి మధ్యలో తెప్పించుకోండి.

తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గట్టిది, నెమ్మదిగా కాలుతుంది, దాని వాసనే దానికి అందం. దీని గురించి కింద వేరే రాశాను.

జెల్ మైనం జోలికి ఇప్పుడే పోవద్దు. మామూలు మైనం కంటే వేడిగా కాలుతుంది, గాజు పగిలే ప్రమాదం ఎక్కువ.

కొవ్వొత్తి అంటే కొవ్వుతో చేసిందే కదా? దేవుడి దగ్గర పెట్టొచ్చా?

ఒకప్పుడు పశువుల కొవ్వుతోనే చేసేవారు, మాటలో అది మిగిలిపోయింది. పారఫిన్‌లో కొవ్వు ఉండదు. అయితే మైనం గట్టిపడటానికి కలిపే స్టియరిక్ యాసిడ్ పామాయిల్ నుంచీ తీస్తారు, పశువుల కొవ్వు నుంచీ తీస్తారు. పట్టింపు ఉన్నవారు కొనేటప్పుడు మొక్కల నుంచి తీసిందేనా అని అడిగి తీసుకోండి. మా అత్తగారికి ఈ సంగతి చెప్పాక ఆవిడ పాకెట్టు మీద అక్షరాలు చదివించుకున్నాకే పూజగదిలోకి రానిచ్చారు.

ఇవన్నీ మన దగ్గర ఎక్కడ దొరుకుతాయి? ఒడియా రాకపోతే ఏమని అడగాలి?

మైనాన్ని ఒడియాలో మహమ అంటారు, కొవ్వొత్తిని మహమబతి అంటారు, దీపం వత్తిని బళితా అంటారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో తెలుగు చెప్పినా చాలు. బరంపురం పెద్ద బజారులో కూడా సగంమంది దుకాణదారులకు తెలుగు వస్తుంది. అగరుబత్తి సరుకులు, సబ్బుల తయారీ సరుకులు అమ్మే దుకాణాల్లో పారఫిన్ దిమ్మలు, స్టియరిక్ యాసిడ్ దొరుకుతాయి. కిరాణా కొట్టులో అడిగితే కొవ్వొత్తుల ప్యాకెట్టే చేతిలో పెడతారు. వత్తులు, రేకు బిళ్లలు మాత్రం నేను ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాను. ఊళ్ళో దొరికిన వత్తి ఒక్కోసారి ఒక్కో లావు ఉండి లెక్క తప్పుతోంది.

సంతలో తేనె అమ్మేవాళ్ళ దగ్గర మైనం కొనొచ్చా?

కొనొచ్చు, నా దృష్టిలో ఇక్కడ ఉన్నందుకు మనకు దక్కే అదృష్టం అదే. కొండల మీద నుంచి సవరలు, కొందులు సంతకు తేనె తెస్తారు. తేనె పిండేశాక మిగిలిన పట్టు చాలాసార్లు పారేస్తారు, లేదా కొద్ది డబ్బుకు ఇచ్చేస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళోనే బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. నాకు మాత్రం అందులో ఒక్క ముక్క రాదు, వేళ్ళు చూపించే బేరమాడతాను. బేరం కూడా ఎక్కువ చేయను. ఆ పట్టు కోసం ఎంత ఎత్తు చెట్టెక్కారో, ఎంత రాతిగోడ దిగారో మనకేం తెలుసు.

తెచ్చిన పట్టు నల్లగా, చెత్తతో ఉంటుంది. దాన్ని పాత గిన్నెలో సరిపడా నీళ్ళు పోసి సన్నమంట మీద కరిగించండి. మరగనివ్వద్దు. పాత నూలుగుడ్డలో వడకట్టి, కదపకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే మైనం నీళ్ళ మీద బిళ్లలా తేలి ఉంటుంది. అడుగున అంటుకున్న నల్లటి మట్టి కత్తితో గీకేయండి. ఇలా రెండుసార్లు చేస్తే పసుపుపచ్చని మైనం తేలుతుంది. పెద్ద మూట పట్టుకి చిన్న బిళ్ల వస్తుంది, మొదటిసారి చూసి దిగులుపడకండి. మిగిలిన నీళ్ళు మొక్కలకు పోయొచ్చు, సింకులో మాత్రం పోయొద్దు.

కొన్ని నెలలయ్యాక తేనె మైనం కొవ్వొత్తి మీద తెల్లటి పొడి లాంటిది కనబడుతుంది. అది బూజు కాదు. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఒడిశాలో డోక్రా బొమ్మలు పోసేవాళ్ళు కూడా మైనంతోనే పనిచేస్తారు. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోయిన చోట కరిగిన ఇత్తడి నిండుతుంది. ఆ తీగల సన్నదనం చూశాక నా కొవ్వొత్తుల గురించి గొప్పలు చెప్పుకోవడం తగ్గించాను.

గ్యాస్ మీద గిన్నె పెట్టి నేరుగా కరిగిస్తే ఏమవుతుంది?

ఎక్కువసార్లు ఏమీ కాదు. అదే ప్రమాదం. పదిసార్లు ఏమీ కాకపోతే పదకొండోసారి ఫోను తీయడానికి పక్కగదిలోకి వెళ్తాం.

నీళ్ళ గిన్నెలో మగ్గు పెట్టి కరిగిస్తే మైనం వేడి 100 డిగ్రీలు దాటదు, నీళ్ళు దాన్ని కాపలా కాస్తుంటాయి. నేరుగా మంట మీద పెడితే ఆ కాపలా ఉండదు. మైనం నీళ్ళలా మరిగి హెచ్చరించదు, నిశ్శబ్దంగా వేడెక్కుతూ పోయి పొగ మొదలై, ఆ ఆవిరి అంటుకుంటుంది. నీళ్ళ గిన్నెలో కూడా నీళ్ళు ఇంకిపోతే ఇదే కథ. అందుకే పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకుని మధ్యమధ్యలో పోస్తుండాలి. మగ్గు అడుగు గిన్నెకు తగలకుండా కింద ఒక చిన్న స్టీలు రింగు పెట్టండి. ఇండక్షన్ స్టవ్ ఉంటే ఇంకా మేలు.

మైనం అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. మీద పడ్డ నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న మైనాన్ని గదంతా చిమ్ముతాయి. స్టవ్ కట్టేసి, గిన్నె మీద మూత బోర్లించి, చల్లారేదాకా తీయకండి. మూత ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. నేను మైనం బయటికి తీయకముందే మూత తీసి గట్టు మీద పెట్టుకుంటాను.

నైలాన్ నైటీలు, జారే చీర కొంగులు ఆ పనికి వద్దు. జుట్టు ముడేసుకోండి. చేతి మీద మైనం పడితే పీకకుండా కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు, వెన్న ఏమీ రాయొద్దు. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికి పోవాలి.

మామూలు పూజ వత్తి ఎందుకు పనిచేయదు?

నా తిత్లీ రాత్రి ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరకడానికే రెండేళ్ళు పట్టింది.

ప్రమిదలో నూనె ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది, వత్తి దాన్ని తేలిగ్గా పీల్చుకుంటుంది. కొవ్వొత్తిలో అలా కాదు. ముందు మంట వేడికి మైనం కరగాలి, కరిగింది వత్తిలోంచి పైకి ఎక్కాలి, పైన ఆవిరి కావాలి, ఆ ఆవిరి మండాలి. మండేది ఆవిరే, గడ్డ మైనం కాదు. నమ్మకం లేకపోతే కొవ్వొత్తి ఊది ఆర్పి, లేచే తెల్లపొగకు వెంటనే అగ్గిపుల్ల చూపించండి. పొగ దారి పట్టుకుని మంట కిందికి దూకుతుంది. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్‌లో పిల్లలకు కొవ్వొత్తి గురించే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలా అని నవ్వుకున్నదాన్ని నేనూ.

వదులుగా పేనిన పూజ వత్తి కరిగిన మైనంలో మెత్తబడి వాలిపోతుంది, మునిగి ఆరిపోతుంది. లావుగా పేనితే అవసరానికి మించి తాగి పొగ చిమ్ముతుంది. అల్లిన వత్తి అలా కాదు. కాలేకొద్దీ కొన పక్కకు వంగుతుంది, వంగిన కొన మంట అంచున గాలి తగిలే చోటికి వచ్చి బూడిదైపోతుంది. అంటే తనను తానే కత్తిరించుకుంటుంది. ఈ అల్లిక వత్తి 1825లో ఫ్రాన్సులో కంబసెరెస్ అనే ఆయన తెచ్చాడు. అంతకుముందు కొవ్వొత్తి పక్కన కత్తెర పట్టుకుని కూర్చోవలసి వచ్చేది.

ఇంట్లోనే వత్తి చేసుకోవాలనుకుంటే దళసరి నూలు దారం మూడు పేటలుగా జడ అల్లండి. ఒక గ్లాసు వేడినీళ్ళలో రెండు చెంచాల వెలిగారం (బోరాక్స్), ఒక చెంచా ఉప్పు కరిగించి, జడను ఒక రాత్రంతా నానబెట్టి, రెండురోజులు బాగా ఎండబెట్టండి. వెలిగారం కంసాలి పనివాళ్ళ దగ్గర, మూలికల కొట్టులో దొరుకుతుంది. పిల్లల నోటికి అందకుండా దాచండి. ఎండాక కరిగిన మైనంలో ముంచి, నిటారుగా లాగి ఆరబెడితే వత్తి తయారు. పాలిస్టర్ కలిసిన దారం వద్దు, అది కాలదు, కరిగి ముద్దవుతుంది. దారం కొస అంటించి చూడండి. బూడిద మిగిలితే నూలు, గట్టి పూస మిగిలితే పాలిస్టర్.

మరి ఎంత లావు వత్తి వేయాలి?

గ్లాసు వెడల్పుని బట్టి. ఇంతకన్నా కచ్చితంగా ఎవరు చెప్పినా వాళ్ళ మైనానికి, వాళ్ళ వత్తికి సరిపోయేదే చెబుతున్నట్టు. ఒకే రకం గ్లాసులు మూడు తీసుకుని, ఒకే మైనం పోసి, మూడు లావుల వత్తులు వేయండి. ఒకటి రెండు రోజులు ఆగి మూడూ ఒకేసారి వెలిగించండి. గ్లాసు వెడల్పు అంగుళానికి ఒక గంట చొప్పున లెక్కేసుకుంటే, ఆ సమయానికి కరిగిన మైనం అంచుదాకా చేరాలి. చేరక మధ్యలో బావిలా గొయ్యి పడితే వత్తి సన్నం. మంట ఎత్తుగా లేచి, ఊగుతూ, గ్లాసు అంచు నల్లబడితే వత్తి లావు. కొన మీద పుట్టగొడుగు లాంటి నల్లముద్ద కట్టినా ఎక్కువసార్లు అదే కారణం. మూడింట్లో ఏది బాగుందో నోటుబుక్కులో రాసుకోండి. మైనం కొత్త లాటు తెస్తే మళ్ళీ ఒకసారి చూసుకోవాలి, తప్పదు.

నా గ్లాసుకు ఎంత మైనం పడుతుందో ముందే తెలిసేదెలా?

గ్లాసు నింపాలనుకున్న గీతదాకా నీళ్ళు పోసి, ఆ నీళ్ళు తూచండి. వచ్చిన గ్రాములను 0.9తో గుణించండి. 200 గ్రాముల నీళ్ళు పట్టే గ్లాసుకు 180 గ్రాముల మైనం. తర్వాత గ్లాసు బాగా తుడిచి ఆరబెట్టండి, చెమ్మ ఉంటే వెలిగేటప్పుడు చిటపటలాడుతుంది.

గడ్డకట్టాక వత్తి చుట్టూ గుంట పడుతోంది. నా తప్పేనా?

కాదు, పారఫిన్ గుణమే అంత. వేడిగా ఉన్నప్పుడు ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. బయట ముందు గడ్డకట్టి, మధ్యలో ఆఖరున ముడుచుకోవడంతో గుంట పడుతుంది, లోపల బొరియ కూడా ఉండొచ్చు. మొత్తం మైనంలో ఆరోవంతు ఆపుకుని, పైన పొర కట్టాక పుల్లతో వత్తి పక్కన రెండు చిల్లులు పొడిచి, దాచిన మైనం మళ్ళీ వేడిచేసి పోయండి. లోతైన అచ్చయితే మూడోసారి కూడా పోయాల్సి రావచ్చు.

పోసే వేడి సంగతి: పారఫిన్ అచ్చుల్లో 75, 80 డిగ్రీల దగ్గర పోస్తాను. సోయా గ్లాసుల్లో 60 అటూ ఇటూ. ఫ్యాను కింద ఆరబెట్టకండి, ఒకవైపు ముందు గడ్డకట్టి పగుళ్ళు వస్తాయి.

అక్కా, మొగలి నీళ్ళు వేస్తే వాసన వస్తుందా?

రాదు. గంజాం జిల్లా మొగలిపువ్వుకి, దాని నుంచి తీసే రూహ్‌కి, అంటే పువ్వు అత్తరుకి, భౌగోళిక గుర్తింపు ఉంది. మిఠాయిల్లో వేసే కేవ్‌డా నీళ్ళు ఆ పువ్వు సారం తీసినప్పుడు వచ్చే నీళ్ళే. నీళ్ళు మైనంలో కలవవు. అడుగున బుడగలుగా దిగి, వత్తికి తగిలినప్పుడు చిటపటమని మంట ఆర్పేస్తాయి. అసలైన రూహ్ మైనంలో కలుస్తుంది కానీ దాని ధరకు కొవ్వొత్తి చేయడం అంటే జీడిపప్పుతో ఇటుకలు పేర్చడమే. బట్టల మీద కొట్టుకునే సెంటు కూడా వద్దు, అందులో ఆల్కహాలు ఉంటుంది, మంట దగ్గర ప్రమాదం.

కొవ్వొత్తుల కోసమే అమ్మే సువాసన నూనె తీసుకోండి. మైనం తూకంలో 6 శాతంతో మొదలుపెట్టండి, అరకిలోకి 30 గ్రాములు. మిల్లీలీటర్లలో కాకుండా గ్రాముల్లో తూచండి. 10 శాతం దాటితే మైనం పట్టలేక పైన నూనె చెమర్చుతుంది. మల్లె వాసన మీద మోజుతో ఒకసారి అలాగే పోశాను. కొవ్వొత్తి చెమటపట్టింది, వెలిగిస్తే తలనొప్పి వచ్చి అందరం వరండాలోకి వచ్చేశాం. మైనం 80 డిగ్రీలు దాటాక స్టవ్ ఆపి, నూనె పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలపాలి. పోసిన రోజే వెలిగిస్తే వాసన తక్కువే ఉంటుంది. పారఫిన్‌కు మూడు రోజులు, సోయాకు రెండు వారాలు ఆగండి.

కుంకుమ, పసుపు, ఫుడ్ కలర్ వేసి రంగు తేవచ్చా?

ఫుడ్ కలర్ నీళ్ళలో కరిగేది, మైనంలో చుక్కలుగా నిలిచిపోతుంది. కుంకుమ కరగదు, అడుగుకు దిగి వత్తి రంధ్రాలు మూసేస్తుంది. పిల్లల క్రేయాన్లతో రంగు బాగానే వస్తుంది కానీ వాటి పొడి కూడా వత్తికి అడ్డమే, అలంకారానికి మాత్రమే పనికొస్తాయి. పసుపు కొంచెం రంగు వదులుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది.

నాకు నచ్చినది రతన్‌జోత్ వేరు. తలనూనె ఎర్రబడటానికి వేస్తారే, అదే. దాని రంగు నూనెలోకి దిగుతుంది గనక మైనంలోకీ దిగుతుంది. గుడ్డలో మూటకట్టి కరిగిన మైనంలో పావుగంట ఉంచి తీసేయండి. వంగపండు కలిసిన ఎరుపు వస్తుంది. ముదురు రంగులు కావాలంటే మాత్రం కొవ్వొత్తి రంగు బిళ్లలే కొనాలి.

ఏ పాత్రల్లో పోయొచ్చు?

దళసరి గాజు, స్టీలు గ్లాసు, రేకు డబ్బా. పల్చటి టీ గ్లాసులో పోసింది మా టీవీ బల్ల మీద నిలువునా చీలింది, మేం అక్కడే ఉండబట్టి సరిపోయింది. మట్టి ప్రమిద మైనాన్ని పీల్చేస్తుంది, బయటివైపు జిడ్డుగా చెమర్చుతుంది, కింద ఒక పళ్ళెం తప్పనిసరి. కొబ్బరిచిప్పలు ఫోటోల్లో బాగుంటాయి గానీ చిప్ప కూడా మండే వస్తువే, ఆఖరిదాకా కాలనివ్వొద్దు. మా ఊరు కొమ్ము బొమ్మలకు పేరుపొందింది, దాంతో ఒకావిడ కొమ్ము గిన్నెలో పోసిమ్మని తెచ్చింది. కొమ్ము కాలితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. పోయలేదు, గిన్నె మాత్రం చాలా బాగుంది.

ఎండాకాలంలో కొవ్వొత్తులు వంగిపోతున్నాయి, వానాకాలంలో చిటపటలాడుతున్నాయి. ఏం చేయాలి?

వంగడానికి మందు స్టియరిక్ యాసిడ్. కిలో పారఫిన్‌కు 100 గ్రాములు కలిపితే గట్టిగా, తెల్లగా వస్తుంది, అచ్చులోంచి తేలిగ్గా ఊడుతుంది. ఎండాకాలంలో పొడుగువి నిలబెట్టి దాచకండి, కాగితంలో చుట్టి చల్లటి చోట పడుకోబెట్టండి. మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక వాటి చోటు. కారులో మాత్రం వదలొద్దు. మే మధ్యాహ్నం మూసిన కారులో గ్లాసు కొవ్వొత్తి పులుసవుతుంది.

వానల్లో తడిసేది మైనం కాదు, వత్తి. వత్తులు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, వాడేముందు ఒక గంట ఎండలో వేయండి. ఎండ లేకపోతే వెచ్చని మైనంలో ముంచి ఉంచితే లోపలి గాలీ చెమ్మా బుడగలుగా వచ్చేస్తాయి. బుడగలు ఆగేదాకా తీయకండి.

క్రిస్మస్‌కి చర్చిలో పట్టుకునే సన్నటి పొడుగువి ఇంట్లో చేయొచ్చా?

గజపతి జిల్లా కొండల్లో, మోహన, ఆర్. ఉదయగిరి వైపు చర్చిలు చాలా ఉన్నాయి. నవంబరు 2 సమాధుల పండుగ నుంచే అక్కడ కొవ్వొత్తుల కాలం మొదలవుతుంది. పొడుగువి అచ్చు లేకుండా ముంచి చేసుకోవచ్చు. పొడుగాటి డబ్బాలో 70 డిగ్రీల మైనం ఉంచి, వత్తి కొసకు ఒక నట్టు కట్టి, ముంచి తీసి, చల్లారాక మళ్ళీ ముంచాలి. పాతిక, ముప్పై ముంపులకు వేలెడు లావు వస్తుంది. ముంచి లోపలే ఉంచితే వేసిన పొరలు కరిగిపోతాయి, టక్కున తీయాలి. మధ్యలో బల్ల మీద దొర్లిస్తే నిటారుగా అవుతుంది. ఇది డిసెంబరు, జనవరి పొద్దుటి పని. మే నెలలో ప్రయత్నిస్తే పొర ఆరనే ఆరదు.

ప్రతి కొవ్వొత్తికీ చేతి దగ్గర అట్టముక్క గుచ్చండి, కారిన మైనం పిల్లల వేళ్ళ మీద పడదు.

సిట్రోనెల్లా (నిమ్మగడ్డి లాంటి గడ్డి నూనె) కొవ్వొత్తి పెడితే దోమలు రావటగా?

పక్కనే కూర్చుంటే కొంచెం తగ్గుతాయి, అంతే. మనవి మలేరియా జిల్లాలు. గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో ఉన్నవాళ్ళు కొవ్వొత్తిని నమ్ముకుని దోమతెర తీసేయకండి. దోమతెర దగ్గర కొవ్వొత్తి వెలిగించడం కూడా వద్దు.

ఒక కొవ్వొత్తి ఎన్ని గంటలు వస్తుంది?

మామూలు మంట గంటకు 5 నుంచి 8 గ్రాముల మైనం తింటుంది. 180 గ్రాముల గ్లాసు పాతిక, ముప్పై గంటలు రావాలి. మీది ఎంత తింటోందో తెలియాలంటే వెలిగించే ముందు తూచి, రెండు గంటల తర్వాత ఆర్పి, చల్లారాక మళ్ళీ తూచండి.

గ్లాసు కొవ్వొత్తిని మొదటిసారి వెలిగించినప్పుడు అంచుదాకా కరగనివ్వండి. మధ్యలో ఆపితే తర్వాత కూడా ఆ గొయ్యిలోనే దిగుతూ పోతుంది. ప్రతిసారీ వత్తిని పావు అంగుళం ఉండేలా కత్తిరించండి. నాలుగు గంటలకు మించి ఒకే పెట్టున వెలగనివ్వొద్దు. అడుగున అర అంగుళం ఉండగానే ఆపేయాలి, లేకపోతే గ్లాసు అడుగు పగులుతుంది. ఎవరూ లేని గదిలో, నిద్రపోయేటప్పుడు అసలే వద్దు. తుఫాను రాత్రి కూడా.

గిన్నెలకు, చీరకు అంటుకున్న మైనం ఎలా పోతుంది?

గిన్నె వేడిచేసి పాత పేపరుతో తుడవండి, తర్వాత సబ్బు. సింకులో వేడినీళ్ళతో కడిగితే మైనం గొట్టంలోకి వెళ్ళి అక్కడ గడ్డకడుతుంది. ప్లంబరు కోసం రెండురోజులు ఎదురుచూశాక నేర్చుకున్న పాఠమిది. బట్ట మీద పడితే ఐసుముక్క పెట్టి గట్టిపరిచి గీకి, పైనా కిందా కాగితం వేసి గోరువెచ్చని ఇస్త్రీ చేయండి. పట్టుచీరైతే డ్రైక్లీనింగుకే ఇవ్వండి.

పిల్లలతో చేయించొచ్చా?

కరిగించడం, పోయడం పెద్దవాళ్ళే. వత్తి అల్లడం, తూచడం, నోటుబుక్కులో రాయడం పిల్లల పని. మా అబ్బాయికి తూకం లెక్క మహా ఇష్టం, నా లెక్క తప్పితే వాడికి పండగ.

అమ్మితే లాభం ఉంటుందా?

మామూలు తెల్ల కొవ్వొత్తిలో లేదు, ఫ్యాక్టరీ ధరకు మనం చేయలేం. తేనె మైనం, దీపావళికి వాసనవి, పెళ్ళిళ్ళకు కానుకలు, వీటిలో ఎంతో కొంత మిగులుతుంది. కానీ అమ్మడం మొదలుపెట్టాక ఇది సరదా కాదు, డెలివరీ టెన్షన్. నేను ఒక దీపావళికి చేసి మానేశాను.

సగం కాలినవి, పాడైపోయినవి ఏం చేయాలి?

పారేయకండి. రంగుల వారీగా డబ్బాల్లో వేసి పెట్టుకుని, నీళ్ళ గిన్నెలో కరిగించి, గుడ్డలో వడకట్టి మళ్ళీ పోయండి. రంగులన్నీ కలిపితే బురద రంగు వస్తుంది, వెలుగు మాత్రం మామూలుగానే వస్తుంది. అలాంటి బురద రంగువి డజను చేసి రేకు డబ్బాల్లో పోసి, ప్రతి ఏడాదీ అక్టోబరు మొదటివారంలో అటక మీద పెడతాను. వాటి పక్కనే రెండు అగ్గిపెట్టెలు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి.